భిలాయిలో రెండో సగం

భిలాయి చూడ్డానికని ఎవరూ వెళ్లరు. మా విజయనగరం నుంచి అక్కడికి రైలెక్కేవాళ్లు ఉద్యోగానికో, ఉద్యోగం చేసేవాడింట్లో పెళ్లికో, వాడి కర్మకాండకో ఎక్కుతారు. సినిమా చూడ్డానికి ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అదైనా నలుపు తెలుపు సినిమా. డిస్కులు రెండూ నా సంచిలోనే ఉన్నాయి. ఇంట్లో కూచుని చూసుంటే టిక్కెట్టు డబ్బులు మిగిలేవి.

నేను బట్టల కొట్లో పెరిగాను. అటు పప్పుల కొట్టు, ఇటు గిన్నెల కొట్టు. 'అమ్మ' తరవాత నేను పలికిన రెండో మాట 'తగ్గించు' అని మా వాళ్లు చెప్పుకుని నవ్వుతారు. నిజమయ్యే ఉంటుంది. ఇప్పటికీ గుడికెళ్తే దేవుడితో ముందు సగానికే మాట్లాడతాను.

నన్ను రమ్మని ఫోను చేసింది అప్పారావు బావ. మా పెద్దనాన్న కూతురు సత్యవతక్క భర్త. అక్కడి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు.

"ఒరే, డైరెక్టరు గారి 'తడి గొడుగు' నీకు దొరుకుతాదేటి?"

"దొరక్కేం బావా, ధర కుదరాలి గానీ."

"ఎంతకైనా పట్టీ. నువ్వే తీసుకుని రా. దానియేలుతోటి ఆఖరి తగువు తేల్చీసుకోవాల."

దానియేలంటే ప్లాంటులో ఆయనతో పనిచేసిన పాత నేస్తం, ఆ తగువూ పాతదే. ఆఖరి అన్న మాటని నేను పట్టించుకోలేదు. 'ఆఖరి ధర' అన్న మాట కొట్లో రోజుకి వందసార్లు వినేవాణ్ణి. ఎప్పుడూ ఆఖరయ్యేది కాదు.

డైరెక్టరు గారంటే పాతకాలపు సస్పెన్సు సినిమాలాయన. పేరు రాయను. రాస్తే మీరు ఇక్కడే ఆగి, మీకు నచ్చిన సినిమా చెప్పి నాతో బేరానికి దిగుతారు. అందుకే సినిమాల పేర్లు కూడా మార్చాను. 'తడి గొడుగు' విశాఖపట్నంలో, మూసేస్తున్న ఒక సీడీల కొట్లో దొరికింది. రెండొందలు చెప్పాడు. ఎలాగూ కొట్టు ఎత్తేస్తున్నాడని నొక్కి డెబ్భైకి తెచ్చాను. ఆ రోజంతా నా అంతవాడు లేడనుకున్నాను.

రాయగడ దాటాక

రైల్లో నా ఎదర సీటులో ఒకావిడ కూచుంది. భిలాయిలో క్యాంప్ 1 అనే పేటలో ఉంటుందట, శ్రీకాకుళం నుంచి ఇంటికెళ్తోంది. కాళ్ల దగ్గర గోనెసంచి. రాయగడ దాటి సొరంగాలు మొదలయ్యేసరికి ఎవరి సంచిలో ఏముందో పెట్టెలో అందరికీ తెలిసిపోయింది.

"అక్కడ మనోళ్లకి అన్నీ దొరుకుతాయి బాబూ, ఒక్క ఎండుచేపలు తప్ప," అంది ఆవిడ. "మా వీధివీధంతా ఈ సంచి కోసమే సూస్తంటాది. కూసింత నీ సీటు కిందకి తొయ్యనా? నిన్ను సూస్తే పెద్దమనిషిలా ఉన్నావు, ఎవులూ ఏటీ అనరు."

ఆ పొగడ్తకి లొంగిపోయాను. కొట్లో నేను రోజూ వాడే ఎత్తే అది, అయినా లొంగిపోయాను. టిట్లాగఢ్ దాకా పెట్టెలో ప్రతివాడూ నా వంక చూసి ముక్కు మూసుకున్నాడు. ఆవిడ కూడా మూసుకుంది. తరవాత నాలుగు చేపలు కాగితంలో చుట్టి ఇచ్చింది, అద్దె కింద. నా బట్టలకీ, సంచికీ, డైరెక్టరు గారికీ ఆ వాసన పట్టింది. వచ్చి ఇన్నాళ్లయినా సంచికి వదల్లేదు.

క్యాంప్ 2

భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడాను. నేను మాట్లాడగల హిందీ అంతా 'కమ్ కరో భయ్యా', అదే ఆ పాత 'తగ్గించు', అన్న ఒక్క వాక్యం. వాడు ఎనభై అన్నాడు. 'వీడికి నలభైకి పైన ఒక్క పైసా ఇవ్వకూడదు' అని నాలో నేననుకున్నాననుకున్నాను గానీ పైకే అనేశాను.

"నలభైకి గిట్టదు గురూ, యాభై ఇయ్యి," అన్నాడు ఆటోవాడు తెలుగులో. "మా నాన్నది బొబ్బిలి."

ఆ ఊళ్లో తెలుగు తలుపుల వెనక ఉంటుంది. ఎవరి నోటినుంచి ఎప్పుడు బయటికొస్తుందో తెలీదు.

క్యాంప్ 2 సందుల్లో ఆటో పట్టదు. పెద్దరోడ్డు మీద దిగి, కుళాయి దగ్గర బిందెలు తప్పించుకుంటూ నడిచాను. బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. నేను దగ్గరకొచ్చి నిలబడ్డా పలకలేదు. "బావా" అనగానే ముఖం వెలిగింది. లేచి నా చెయ్యి పట్టుకుని, చొక్కా గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఎండుచేపల వాసనొస్తంది. మావోడే!"

అక్క కూడా లోపల్నుంచి వచ్చింది, అందరం నవ్వాం. నవ్వుతూనే ఒకటి గమనించాను. ఆయన చూపు నా ముఖం మీద లేదు, భుజం పక్కన ఎక్కడో ఉంది. గుడ్డ చూడకుండా వేళ్లతోనే పోల్చేవాళ్లు కొట్టుకి ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. వాళ్లలా ఎందుకు చేసేవారో నాకు తెలుసు. తెలిసీ ఆ ఆలోచన పక్కకి నెట్టేశాను.

అక్క చేపలు వేయించింది. వాళ్లమ్మాయి రింకీ బళ్లో టీచరు, పుట్టింది పెరిగింది అక్కడే. "మామాజీ, తుమ్ ముందు నహా లో. ప్లీజ్," అంది ముక్కు పట్టుకుని, స్నానాల గది చూపిస్తూ. తెల్లారి పొద్దున్న చద్దన్నం పెట్టారు. అక్కడ దాన్ని బోరే బాసీ అంటారు, తిన్నామని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటారు. మా వీధిలో చద్దన్నం తిన్నవాడు మూతి తుడుచుకుని ఇడ్లీ తిన్నానంటాడు.

ఆ తిండి దగ్గరే ఆ పాత తగువు మళ్లీ మొదట్నుంచీ విన్నాను. మీరు వినలేదు కదా, చెప్తాను.

బావ, దానియేలు ప్లాంటులో చేరిన కొత్తలో క్యాంపులో తెలుగువాళ్లు చందాలేసుకుని ప్రొజెక్టరు అద్దెకి తెచ్చి, మైదానంలో దుప్పటి కట్టి డైరెక్టరు గారి సినిమాలు వేయించేవారు. ప్లాంటులో స్లాగ్, అదే మండే ఇనప చిట్టెం, పారబోస్తే ఆకాశం ఎర్రబడేది, తెర మీద బొమ్మ వెలిసిపోయేది, మళ్లీ చీకటి పడేదాకా అందరూ ఓపిగ్గా కూచునేవారు. సస్పెన్సు సినిమా చూడ్డానికి అంతకన్నా మంచిచోటు లేదంటాడు బావ. ఒక్కటే చిక్కు. షిఫ్టులు. నైట్ షిఫ్టువాళ్లు విశ్రాంతి పడగానే లేచి సైకిళ్లెక్కాలి. సెకండ్ షిఫ్టువాళ్లు అప్పుడే గేటు బయటికొచ్చి, మైదానానికొచ్చి, లేచిపోయినవాళ్ల చోట్లో కూచోవాలి. అంటే క్యాంపులో సగంమంది మొదటి సగం చూసినవాళ్లు, సగంమంది రెండో సగం చూసినవాళ్లు. షిఫ్టు వారం వారం మారుతుంది కాబట్టి ఏ సినిమాలో ఎవరికి ఏ సగం దక్కుతుందో వాడి రాత.

దాంతో క్యాంపులో ఒక రూలు పుట్టింది. నువ్వు చూసిన సగంలో ఒక బొమ్మని పొగుడుకోవచ్చు గానీ, కథ చూడనివాడికి చెప్పకూడదు. ఎప్పుడో ఎక్కడో వాడికి ఆ సగం దొరుకుతుంది, అప్పటిదాకా అది వాడి సొత్తు. చెప్పినవాణ్ణి వెలేసినంత పనిచేసేవారట.

'తడి గొడుగు' వేసినప్పుడు బావది నైట్ షిఫ్టు, దానియేలుది సెకండ్ షిఫ్టు. బావ లేచిన చోట్లోనే దానియేలు కూచున్నాడు. ఆ సినిమా మళ్లీ అటు రాలేదు, టీవీలోనూ వేయలేదు. ఇద్దరూ చెరో సగం పట్టుకుని, నాదే గొప్పదంటే నాదే గొప్పదని నలభై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. రెండోవాడి సగంలో ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలీదు. ఇద్దరూ చెప్పుకోలేదు.

"చూడని సరుకుకి బేరమెలా ఆడతారు బావా?" అన్నాను.

"నువ్వు బేరమాడవేటి?" అన్నాడు.

కళ్ల డాక్టరు

మర్నాడు బావ, "సెలూన్‌కి పోయొస్తాం" అని నన్ను బయల్దేరదీశాడు. సందు మలుపు తిరిగాక నా భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమతో వేశాడనుకున్నాను. కాసేపటికి ఆ చెయ్యి బరువు తెలిసింది. ఆయన నడవడం లేదు, నా వెనక వస్తున్నాడు.

"సెలూన్ ఎటు బావా?"

"సెలూన్ లేదు ఏటీ లేదు. ఆటో పిలు. కళ్ల డాక్టరు దగ్గరికి."

డాక్టరు చిన్నమ్మాయి, మా రింకీ ఈడుది. లైటు వేసి చూసింది, కాగితాలు చూసింది, నన్ను చూసింది. బావ అక్కడికి చాలా నెలలుగా ఒంటరిగా వస్తున్నాడట. నీటికాసులు. కంటి నరం ఎండిపోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. పోయింది తిరిగి రాదు. హిందీలో నెమ్మదిగా, నా కోసం ఇంగ్లీషు మాటలు కలిపి, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. బేరమాడాను.

"మేడమ్, ఏదో కొంచెం చెయ్యండి. రెండూ వద్దు, ఒక్క కన్ను."

"అది కూడా అయిపోయిందండీ."

"పోనీ మసగ్గా. మనుషులు పోల్చుకునేపాటి."

ఆ పిల్ల కోప్పడలేదు. "ఇందులో నేను తగ్గించగలిగిందేమీ లేదు," అంది. చీటీ మీద చుక్కల మందు రాసింది, ఉన్న ఆ కాస్త వెలుగూ పోకుండా. ముందు బావ కుర్చీలోంచి లేచాడు, తరవాత నేను లేచాను. కొట్లో అయితే లేచి వెళ్లిపోయినట్టు నటిస్తే వెనక్కి పిలుస్తారు. గుమ్మం దాకా ఆ ఆశతోనే నడిచాననుకుంటాను.

బయట బండి దగ్గర పోహా, జిలేబీ. ప్లేటు పాతిక రూపాయలు. అటుకుల మీద సన్నకారప్పూసా, పచ్చి ఉల్లిపాయా చల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టి ఇస్తారు. కారమూ తీపీ ఒకే ముద్దలో తింటారు అక్కడివాళ్లు. మా ఊళ్లో చూస్తే పిచ్చనుకుంటారు. బావ ప్లేటులో వేలితో ఏదెక్కడుందో తడిమి చూసుకుని తిన్నాడు.

"అక్కకి చెప్పవా?"

"చెప్తాను. రేపు ఆదివారం గడవనీ."

"ఆదివారం ఏముంది?"

"దానియేలున్నాడు." జిలేబీ పాకం నాక్కున్నాడు. "గుడ్డోడితోటి సినిమా గురించి ఎవుడు తగువాడతాడురా? నానేదంటే దానికి ఊ కొడతారు. కళ్లు పోయినాయి, సరే. వయసులో ఆ మంటల ముందర నిలబడ్డాను, దాని బాకీ అది తీర్చుకుందనుకుంటాను. తగువు పోకూడదు. ఆడొక్కడే మిగిలాడు నాకు, నన్ను కాదనీవాడు."

నేను నా జిలేబీ తీసి ఆయన ప్లేటులో పెట్టాను.

"నువ్వు నా పక్కన కూచో. మొదటి సగం నాకు కంఠతా ఒచ్చు. రెండో సగం చెవిలో చెప్పు. అది రూలు తప్పడం కాదు. నువ్వూ కొత్తగానే చూస్తావు కదా, కళ్లజోడు లెక్క. చీర మడత విప్పకుండానే ఊళ్లో ఆడోళ్లందరికీ చూపించీసినోడివి, సినిమా చూపించలేవేటి?"

"మరి నాకేమిస్తావు?" అన్నాను, ఏడుపొస్తుంటే అలవాటు మాట అడ్డం పెట్టుకుని.

"ఇంకో ప్లేటు జిలేబీ. ఆఖరి ధర."

సుపేలా సంత

ఆదివారం పొద్దున్న అక్కతో సుపేలా సంతకి వెళ్లాను. తువ్వాళ్ల నుంచి తపేలాల దాకా రోడ్డు పొడుగునా పరిచేస్తారు. టమాటాలు కిలో ముప్పై, మా ఊరికన్నా పది తక్కువ. నా బేరం చూపిద్దామని ముందుకెళ్తే అక్క పక్కకి తోసింది. ఆవిడ హిందీలో మొదలుపెట్టి, ఛత్తీస్‌గఢీలో బతిమాలి, ధర తేలాక తెలుగులో తిట్టి, పైన గుప్పెడు మిరపకాయలు వేయించుకుంటుంది. మూడు భాషల బేరం ముందు నాది వీధిబడి చదువు.

వంకాయలు ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

"తమ్ముడా, మీ బావ కళ్లకేటయింది?"

"ఏముందక్కా, చత్వారం."

"మొన్న కుళాయి కాడ నాను ఎదురుపడితే 'ఎవులదీ' అన్నాడు. నన్ను."

"ఎండలో అలాగే అవుతుంది. నాకూ అవుతుంది." నవ్వాను.

అక్క చేతిలో వంకాయ అలాగే పట్టుకుని నన్ను చూసింది. "రంగు పోయిన చీర అంటగట్టినప్పుడు నువ్విలాగే నవ్వుతావు," అంది. మళ్లీ అడగలేదు. దారంతా సంచి తనే మోసింది, నాకివ్వలేదు.

తగువు

దానియేలు గారు మధ్యాహ్నం స్మృతి నగర్ నుంచి స్కూటరు మీద వచ్చారు. కాకినాడ దగ్గరివారు, ప్లాంటులో క్రేన్ నడిపారు. ఆ ఎత్తు మీద కూచుని కూచునేమో మనిషి ఎప్పుడూ కిందకి చూసి మాట్లాడతారు. చంకలో పాత డీవీడీ ప్లేయరు. చర్చి నుంచి నేరుగా వచ్చారేమో, తెల్లచొక్కా ఇంకా నలగలేదు.

"ఏవయ్యా అప్పారావూ, ఇవాళ నీ పరువు కోసం ప్రార్థన చేసొచ్చాను."

"నీ కోసం చేసుకో. రెండో సగంగాడివి."

కిటికీలకి దుప్పట్లు కట్టారు. రింకీ ప్లేయరు తగిలిస్తుంటే ఇద్దరూ మొదలుపెట్టారు. నేను పక్కన కూచుని, కొట్లో రెండు దిట్టమైన పార్టీలు తలపడ్డప్పుడు నోరు మూసుకున్నట్టు మూసుకున్నాను.

"ముడి ఎవడైనా వేస్తాడయ్యా," అన్నారు దానియేలు గారు. "విప్పడంలో ఉంది డైరెక్టరు పనితనం. రెండో సగంలో ఒక్క మాట లేకుండా ఎంతసేపు నడిపాడు! ఉత్త వాన చప్పుడు. ఊపిరి బిగబట్టి చూశాం."

"విప్పడం కత్తెరకి కూడా వొచ్చు. ముడి వెయ్యాల! ఆ మొదటి బొమ్మ చెప్పు. ఇంట్లో ఆవిడ ఒక్కర్తీ ఉంటాది. మొగుడు ఊరెళ్లాడు, తలుపులన్నీ గెడలే. మూల చూస్తే తడి గొడుగు! నీళ్లు కారి నేల మీద మరక. ఆ మరక మీద దీపం ఎలగ మెరుస్తాదో, ఆ వెలుగులో ఆవిడ పాదం ఎలగ ఆగిపోతాదో. ఏ డైరెక్టరు తీస్తాడు అలాటిది?"

బావ కళ్లు మెరుస్తున్నాయి. ఆ మెరుపు దేనిదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

"ఆయన సినిమాల్లో గొప్పది అసలు 'మూసిన మేడ' అంటారు పెద్దవాళ్లు," అని నేనూ ఒకటి విసిరాను.

"మేడ మెట్ల వరకే బాగుంటాది," అన్నాడు బావ.

"మెట్లు కూడా బాగోవు," అన్నారు దానియేలు గారు.

"మరి 'వకీలింట్లో దొంగ'?"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. డైరెక్టరు గారు డబ్బుకి తీసిన సినిమా అది, మొదట్నుంచి చివరిదాకా వాగుడేనట. నలభై ఏళ్లలో ఇద్దరూ ఏకీభవించిన సంగతి అదొక్కటే.

"నాకైతే అన్నీ ఒకలాగే లగ్‌తే హై," అంది రింకీ రిమోట్ పట్టుకుని. "ఎప్పుడూ ఒక ఆడది మెట్లెక్కుతుంది, ఎప్పుడూ కరెంట్ పోతుంది. పెట్టనా?"

రెండో డిస్కు

మొదటి డిస్కు నడుస్తున్నంతసేపూ బావే మారాజు. దానియేలు గారు ఆ సగం చూడ్డం అదే మొదలు. గొడుగు కనిపించినప్పుడు ఆయన నోరు తెరిచారు. ఆవిడ పాదం ఆగినప్పుడు "ప్రభువా" అన్నారు. బావ తెర వైపు ముఖం పెట్టి, మాటల్ని బట్టి చోటు పోల్చుకుని, "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని ముందే అరిచేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. నాకు క్షణంపాటు ఆ డాక్టరమ్మాయే పొరబడిందేమో అనిపించింది.

విశ్రాంతి. అక్క టీ ఇచ్చింది. దానియేలు గారు టీ తాగుతూ, "బాగానే తీశాడయ్యా," అన్నారు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "కానీ నా సగం ముందు దిగదుడుపే. కూచో, చూపిస్తాను."

డెబ్భై రూపాయల డిస్కు కదా, రెండోది పనిచెయ్యదేమోనని భయపడ్డాను. పనిచేసింది. చెయ్యకపోయుంటే బాగుండేది.

నేను చెవి దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వరండాలోకొచ్చింది. లాంతరు తీసింది. తలుపు కొంచెం తెరిచుంది. "ఏటి గుసగుసలు!" అని అక్క కసిరింది. గొంతు ఇంకా తగ్గించాను. తరవాత మాటలు ఆగిపోయాయి. టీవీలోంచి వాన చప్పుడు ఒక్కటే. డైరెక్టరు గారి గొప్పతనమంతా అక్కడే ఉందట, ఆయన నోరు విప్పని చోట. ఆ గొప్పతనం బావకి ఉత్త వాన.

నేనేమో చీరలమ్మేవాణ్ణి. అంచు చెప్పగలను, రంగు చెప్పగలను. ఒక ఆడమనిషి ముఖంలో భయం ఎలా పైకొస్తోందో చెప్పమంటే నా దగ్గర మాటల్లేవు. "భయపడుతోంది" అన్నాను. "ఇంకా భయపడుతోంది" అన్నాను. నా బతుకులో అంత నాసిరకం సరుకు ఎవరికీ అమ్మలేదు. బావ నా మోకాలు పట్టుకుని, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నట్టు నొక్కుతున్నాడు.

అప్పుడు తెర పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది.

రింకీ కెవ్వుమంది. అక్క చేతిలో గ్లాసు జారింది. నేనూ ఎగిరిపడ్డాను, ఎగిరిపడి, బావ సంగతి మరిచిపోయాను. గుర్తొచ్చి, "చెయ్యి, చెయ్యొచ్చింది బావా, గొడుగు తీసుకుంటోంది" అన్నాను.

"అమ్మనీ!" అని ఉలిక్కిపడ్డాడు బావ.

గదిలో అందరి భయం చల్లారాక, ఆయన ఒక్కడి భయం.

తలతిప్పి చూశాను. దానియేలు గారు తెర చూడ్డం లేదు. తనకిష్టమైన సినిమా ఇంకొకడికి చూపించేవాడు సినిమా చూడడు కదా, వాడి ముఖం చూస్తాడు. ఆ చెయ్యి వచ్చినప్పుడు అప్పారావు ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఆ మనిషి నలభై ఏళ్లు నోరు కుట్టుకుని ఆగాడు. చెయ్యి వచ్చినప్పుడు కదలని ముఖాన్ని, నేను చెప్పాకే ఉలిక్కిపడ్డ ముఖాన్ని చూశాడు.

ఆ గొడుగు ఎవరిదో నేను రాయను. మీకు ఎప్పుడైనా దొరకొచ్చు. రూలు రూలే.

సినిమా అయిపోయింది. రింకీ దుప్పట్లు తీసింది. బావ తొడలు చరుచుకుని తయారయ్యాడు.

"రా దానియేలూ. చూసీసినాను నీ సగం. ఆ వాన సాగదీత, ఆ చెయ్యి... బానే ఉంది, కాదనను. గాని నా సగం కాలిగోటికి సరిపోదు. ఏటంటావు?"

దానియేలు గారు ప్లేయరు వైర్లు చుడుతున్నారు. చాలాసేపు చుట్టారు.

"నువ్వన్నదే నిజమయ్యా," అన్నారు. "మొదటి సగమే గొప్పది."

"ఓలమ్మ, ఒప్పేసుకున్నాడు!" అంది అక్క. రింకీ చప్పట్లు కొట్టింది. బావ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగి, ఎటు పోవాలో తెలీనట్టు మూతి మీదే ఉండిపోయింది.

మా కొట్లో బేరమాడకుండా కొనే గుడ్డ ఒక్కటే. పాడె మీద కప్పేది. ఎంతంటే అంత ఇచ్చి, చిల్లరైనా అడక్కుండా పట్టుకుపోతారు.

సోమవారం

నా రైలు సాయంత్రం. పొద్దున్నే బావ రింకీ చేత ఫోను చేయించి దానియేలు గారిని రమ్మన్నాడు. ఆయన వచ్చారు, వాళ్లావిడ చేసిన గవ్వలు డబ్బాలో పెట్టుకుని. ఎప్పుడూ గుమ్మంలోంచే అరుస్తూ వచ్చే మనిషి, చెప్పులు విడిచి మెల్లగా వచ్చి కూచున్నారు.

"దానియేలూ," అన్నాడు బావ. "నిన్నట్నుంచి ఆలోచిస్తన్నాను. డైరెక్టరు గారు తీసినవాటిలో అన్నిటికన్నా గొప్పది 'వకీలింట్లో దొంగ'."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఆలోచిస్తే... అవునయ్యా," అన్నారు దానియేలు గారు. "అదీ మంచి సినిమాయే."

"వాగుడు సినిమా అన్నావు కదా!"

"వాగుడైనా వినడానికి బాగుంటది."

వినడానికి అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయన కళ్లు మూసుకున్నారు.

"అయితే 'తడి గొడుగు' చెత్త," అన్నాడు బావ. గొంతు పెరిగింది. "నీ రెండో సగం మరీ చెత్త. ఆ చెయ్యొచ్చిన కాడ నాకు నవ్వొచ్చింది."

నేను ఆగలేకపోయాను. "ఏం మాటలు బావా అవి! రెండో సగమే గొప్పది, ఆ చెయ్యి లాంటిది ఇంకెక్కడా లేదు," అని నేనే తగువుకి దిగాను.

"నువ్వూరుకో. నిన్న చూసినోడివి." నా వైపు తిరగనైనా లేదు. "నువ్వు చెప్పు దానియేలూ. చెత్తా కాదా?"

దానియేలు గారు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టారు. "నీకెలా అనిపిస్తే అలాగేనయ్యా."

బావ చెయ్యి గాల్లోకి చాచి, ఆ గొంతు వచ్చిన వైపు వెతికి, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. దాచడం మానేశాడు. వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒరే, ఇన్నేళ్లలో నా మాట ఒక్కటైనా ఒప్పుకున్నావా నువ్వు? సూర్యుడు తూరుపునుంచి వస్తాడంటే కూడా కాదన్నావు కదరా. ఒక్కటి కాదను. ఏదో ఒకటి. నీ ఇష్టమైంది కాదను."

దానియేలు గారు ఆ చేతిమీద తన చెయ్యి వేసి నిమిరారు, జ్వరంతో ఉన్న చంటిపిల్లవాణ్ణి నిమిరినట్టు.

"లేదులే అప్పారావూ," అన్నారు. "నువ్వన్నవన్నీ రైటే."

బావ ఆయన మోచెయ్యి వదిలేశాడు.